సైకిల్ దిగడం తెలుసా మీకు?

ప్రశ్న: నమస్కారం సార్. నా వయసు 38. హనుమకొండలో ఉంటాను, ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. ఏడాదిన్నర క్రితం పదిహేను వేలు పెట్టి గేర్ల సైకిల్ కొన్నాను. ముందొకటి, వెనకొకటి షాకప్‌లు, లావు టైర్లు, 21 గేర్లు. మొదట్లో వడ్డేపల్లి చెరువు కట్ట మీద తిరిగేవాడిని. తరువాత మిత్రులతో కలిసి గుట్టల బాట పట్టాను. మూడు నెలల క్రితం ధర్మసాగర్ అవతల ఒక గుట్ట దిగుతూ పడ్డాను. మోచేయి, మోకాలు గీరుకుపోయాయి. ఆనాటి నుంచి వెనక షాకప్ కిర్రుమంటోంది, గేర్లు జారుతున్నాయి. హైదరాబాద్‌లో ఒక షాపులో అడిగితే దీన్ని బాగుచేయించడం దండగ, 85 వేల సైకిల్ తీసుకోండి అన్నారు. మా ఆవిడ ‘ముందు ఉన్నదాన్ని పడకుండా తొక్కండి’ అంటోంది. నలభై దాటకముందే ఒక్కసారైనా గుట్టల పందెంలో పాల్గొనాలని నా కోరిక. సైకిల్ మార్చమంటారా? ఇంకా ఏమేం కొనాలి? మన దగ్గర ఎక్కడ తొక్కాలి? ఈ వయసులో పందెం అంటే నవ్వుతారా?
– పేరు వద్దన్న పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అసలు ప్రతి నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు సైకిల్ గురించి, దాని గేర్ల గురించి, కొనబోయే సైకిల్ గురించి. మీరు పడిన సంగతికి దక్కింది ఒకే ఒక్క వాక్యం: ‘దిగుతూ ముందు బ్రేకు పట్టాను, అంతే, సైకిల్ నా మీదికి వచ్చింది.’ మిగతా మూడు పేజీలు పక్కన పెట్టి నేను ఆ వాక్యాన్నే నాలుగైదు సార్లు చదివాను. మీ ప్రశ్నలన్నింటికీ జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.

దిగుడులో బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. కాబట్టి ముందు బ్రేకుకు పట్టు ఎక్కువ, వెనక బ్రేకుకు తక్కువ. దిగేటప్పుడు ముందు బ్రేకు జోలికే పోవద్దని చెప్పే పెద్దమనుషులు మీ మిత్రుల్లో ఉండే ఉంటారు. వినకండి. వెనక బ్రేకునే నమ్ముకుంటే తేలికైన వెనక చక్రం తిరగడం మానేసి జారుతుంది, సైకిల్ అడ్డం తిరుగుతుంది, వేగం మాత్రం తగ్గదు. ముందు బ్రేకు పట్టడం మీ తప్పు కాదు. ఎలాంటి నేల మీద పట్టారు, ఒళ్లు ఎక్కడ పెట్టి పట్టారు, అదీ అసలు సంగతి.

మన గుట్టలు నల్లరాతి గుట్టలు. కింద పరుపులాంటి బండ, దాని మీద అక్కడక్కడా రాయి చిట్లి రాలిన మొరం. ఎండిన బండ గరుకు కాగితంలా టైరును పట్టుకుంటుంది. దాని మీద పల్చగా పరుచుకున్న మొరం మాత్రం గచ్చు మీద పోసిన జొన్నలతో సమానం. మీరు పట్టింది ఈ జొన్నల మీద అయి ఉంటుంది. వేగం తగ్గించుకోవలసింది ముందున్న బండ మీదే. మొరం వచ్చేసరికి రెండు బ్రేకులూ దాదాపు వదిలేసి, చక్రాలను వాటి దారిన దొర్లనివ్వాలి. భయమేసేది సరిగ్గా అక్కడే, చెయ్యి బ్రేకు మీద బిగుసుకునేదీ అక్కడే. ఆ వేళ్లను వదులు చేయడం నేర్చుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

ఇక ఒళ్లు. సీటు మీద కూర్చుని గుట్ట దిగకూడదు. రెండు పెడళ్లనూ నేలకు సమాంతరంగా పెట్టి, వాటి మీద నిలబడి, మోకాళ్లు, మోచేతులు కాస్త వంచి, నడుమును సీటు వెనక్కి జరపాలి. బరువు పాదాల మీద ఉండాలి కానీ అరచేతుల మీద కాదు. బ్రేకు మీద ఒక్క చూపుడు వేలు చాలు. మిగిలిన మూడూ హ్యాండిల్‌ను పట్టుకోవడానికే. చూపు ముందు చక్రం మీద కాదు, నాలుగైదు గజాల అవతల. రాయిని చూస్తూ పోతే రాయి మీదికే పోతాం. ఇదంతా గుట్ట మీద నేర్చుకునేది కాదు. సీటును నాలుగు వేళ్ల మేర కిందికి దించి, మొరం పోసిన ఏదైనా కాలేజీ మైదానానికి వెళ్లండి. ఒక గీత గీసి, దాని మీదికి వేగంగా వచ్చి, చక్రం జారకుండా ఎంత తక్కువ దూరంలో ఆగగలరో చూసుకోండి. మొదట వెనక బ్రేకుతో, తరువాత ముందు బ్రేకుతో, తరువాత రెండింటితో. రోజుకు పావుగంట చొప్పున పది రోజులు. పదకొండో రోజు మీ వేలికే తెలుస్తుంది.

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. గుట్ట దిగడమూ దిగడమే, సైకిల్ దిగడమూ దిగడమే. ఈ రెండో దిగడం మొదటిదానికంటే కష్టం, ఎందుకంటే దాన్ని పక్కవాళ్లు చూస్తారు. నా కాలరు ఎముక విరిగింది ఆ కారణంతోనే. మడికొండ దాటాక ఒక గుట్ట దిగుతున్నాను. మధ్యలో బండకు నిలువునా చీలిక, చక్రం సరిగ్గా పట్టేంత వెడల్పు. చూశాను, దిగి నడుద్దామనీ అనుకున్నాను. కింద ఇద్దరు మేకల కాపరులు నిలబడి నన్నే చూస్తున్నారు. హెల్మెట్, గ్లౌజులు, నల్ల కళ్లద్దాలు, ఇంత వేషం వేసుకుని సైకిల్‌ను నడిపించుకుంటూ వాళ్ల ముందు నుంచి పోవడమా? పోలేదు. చీలికలో చక్రం ఇరుక్కుంది, నేను మాత్రం ముందుకు పోయాను. వాళ్లే పరుగెత్తుకొచ్చి లేపారు. అందులో పెద్దాయన నా భుజానికి తువ్వాలు కడుతూ, ఎగతాళి అన్నది లేకుండా, ఉన్న సంగతి చెబుతున్నట్టుగా అన్నాడు: ‘ఇక్కడ మేకలు కూడా చూసుకుని దిగుతాయి సార్.’

ఆ చీలిక దగ్గర ఇప్పటికీ దిగి నడుస్తాను.

మీరు పందెం అంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఈ ఆట, అంటే మౌంటెన్ బైకింగ్, పుట్టిందే దిగుడులోంచి. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు, 1930లు, 40ల నాటి బరువైన ఒంటి గేరు సైకిళ్లను పాత సామాన్ల మధ్య నుంచి వెతికి తెచ్చి కొండల మీది నుంచి దొర్లించుకుంటూ వచ్చేవారు. పైకి తొక్కడానికి అవి పనికిరావు. తోసుకుంటూ పోవడమో, ట్రక్కులో వేసుకుని పోవడమో. ఆ సైకిళ్లకు పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది, అదీ వెనక చక్రం నడుమ, ఇరుసు చుట్టూ తిరిగే హబ్బులో. రెండు మైళ్ల పైచిలుకు దారి, 1,300 అడుగుల దిగుడు. కిందికి వచ్చేసరికి హబ్బు కాలిపోయి లోపలి గ్రీజంతా పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూరితే కానీ సైకిల్ కదిలేది కాదు. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు పడింది. 1976లో అక్కడ గడియారం పెట్టి పందేలు మొదలుపెట్టారు. మరుసటి ఏడాది వాళ్లలోని జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా ఒక ఫ్రేమును తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో పెద్ద సంఖ్యలో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక ఇది లోకానికి పాకింది. ముందు షాకప్‌లు బాగా వాడుకలోకి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అంటే వాళ్లు షాకప్ లేకుండానే అన్నేళ్లు కొండలు దిగారు. షాపువాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఇక మీ సైకిల్. దాన్ని తిట్టడం నాకు ఇష్టం లేదు, మిమ్మల్ని గుట్టల దాకా తీసుకెళ్లింది అదే. కానీ పదిహేను వేలలో రెండు షాకప్‌లు ఇస్తున్నారంటే ఎక్కడో ఒకచోట కోత పడి తీరుతుంది. మంచి షాకప్‌లో స్ప్రింగో గాలో ఒక్కటే ఉండదు. అణిగినదాన్ని మెల్లగా లేవనిచ్చే నూనె కూడా ఉంటుంది. మీ వెనక షాకప్‌లో ఉన్నది ఉత్త స్ప్రింగు. రాయి తగిలితే అణుగుతుంది, అణిగినంత విసురుగా మళ్లీ మిమ్మల్ని ఎగరేస్తుంది. దిగుడులో మీ నడుమును ముందుకు తోసింది అదే అయినా ఆశ్చర్యం లేదు. ఎక్కుడులోనేమో మీరు తొక్కిన తొక్కులో కొంత స్ప్రింగు మింగేస్తుంది. దానికి తోడు వెనక భాగం ఊగే కీలు దగ్గరి బుషింగులు మన దుమ్ముకు ఏడాదిలో అరిగిపోతాయి. మీరు వింటున్న కిర్రు అక్కడిదే కావచ్చు. బోల్టు బిగిస్తే కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ వస్తుంది.

మార్చమంటారా అంటే, మార్చండి, కానీ ఇప్పుడే కాదు, 85 వేలకూ కాదు. వెనక షాకప్ లేని, ముందు మాత్రమే ఉన్న సైకిల్ తీసుకోండి. హార్డ్‌టెయిల్ అంటారు. రెండు వైపులా నిజమైన షాకప్‌లున్న సైకిల్ లక్షన్నర పైమాటే. అంతకంటే తక్కువలో దొరికే సైకిల్‌కు వెనక షాకప్ ఉత్త అలంకారం. ముప్పై అయిదు, నలభై వేలలో మీకు నాలుగైదేళ్లు సరిపోయే హార్డ్‌టెయిల్ వస్తుంది. షాపుకు వెళ్లినప్పుడు రంగు, స్టిక్కర్లు, గేర్ల లెక్క చూడకండి. 21 గేర్లకంటే ముందు ఒకే పళ్లచక్రం, వెనక పది ఉన్న సైకిల్ గుట్టలకు నయం. చైను పడిపోవడం తగ్గుతుంది, ఎడమచేతికి ఒక పని తప్పుతుంది.

షాపులో చూడవలసింది వేరు. బ్రేకులు డిస్కు అయితే సరిపోదు, తీగతో పనిచేసేవా నూనెతో పనిచేసేవా అడగండి. నూనె బ్రేకు అయితే ఒక్క వేలితో ఆగుతుంది. నేను పైన చెప్పిన ఒంటివేలి విద్యంతా దాని మీదే ఆధారపడింది. ముందు ఫోర్కును, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాకప్ కాళ్లను, హ్యాండిల్ పట్టుకుని గట్టిగా నొక్కి వదలండి. బంతిలా పైకి తన్నితే వద్దు, ఊపిరి తీసుకున్నట్టు నిదానంగా లేస్తే మంచిది. వెనక పళ్లచక్రాల గుత్తిని హబ్బుకు బిగించే పద్ధతులు రెండు; మీరు చూస్తున్నది ఫ్రీవీలా, క్యాసెట్టా అని కూడా అడగండి. ఫ్రీవీల్ రకంలో చైను వైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, బయటికి మిగిలిన ఇరుసు కుదుపులకు వంగుతుంది. క్యాసెట్ హబ్బులో బేరింగు చివరి దాకా వస్తుంది కాబట్టి ఆ బాధ తక్కువ. సైకిల్ మధ్యలో రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. ఎందుకో చెప్పనవసరం లేదు. గుట్ట మీద హఠాత్తుగా దిగవలసి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది. చక్రం 29 అంగుళాలదా, 27.5దా అని మీ మిత్రులు గంటల కొద్దీ వాదిస్తారు. వాదించనివ్వండి. పెద్ద చక్రం రాళ్ల మీద సాఫీగా దొర్లుతుంది, చిన్నది మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. ఎత్తు తక్కువైతే చిన్నదే హాయి.

డబ్బు మిగిలితే టైర్ల మీద పెట్టండి. ఈ విషయం మీద మాత్రం నన్ను ఆపడం కష్టం. మన నేల మీద సైకిల్ తొక్కేవాడికి పులి కంటే పల్లేరుకాయ పెద్ద శత్రువు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారా ఎప్పుడైనా? ఎటు పడేసినా ఒక ముల్లు పైకే ఉండేలా ప్రకృతి చాలా శ్రద్ధగా తయారుచేసింది. చెలకల అంచున, కాలిబాటల పక్కన నేలకు అంటుకుని పాకుతూ, చిన్న పసుపు పూలతో అమాయకంగా కనిపిస్తుంది. వానలు వెనకపట్టాక కాయలు ఎండి రాలతాయి. మనం ఉత్సాహంగా సైకిళ్లు బయటికి తీసేదీ అప్పుడే. అది కాకపోతే సర్కారు తుమ్మ. రైతు దారి పక్కన కొట్టి కంచెకు ఈడ్చుకుపోతే, ఆ ఈడ్చిన మేరా ముళ్లు రాలి ఉంటాయి. ఈడ్చిన గీత కనిపిస్తే అక్కడ సైకిల్‌ను ఎత్తుకుని దాటండి. ఇదీ దిగడమే.

పంక్చర్ అయినప్పుడు చాలామంది ట్యూబుకు అతుకు వేసి, మళ్లీ ఎక్కించి, అర కిలోమీటరు పోయాక మళ్లీ దిగుతారు. ముల్లు టైరులోనే ఉండిపోయిందన్నమాట. పల్లేరు ముల్లు లోపలి వైపుకు వెంట్రుక మందంగా పొడుచుకుని ఉంటుంది, కంటికి కనపడదు, వేలితో తడిమితే వేలికి దిగుతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. చిన్న దూదిపింజ తీసుకుని టైరు లోపలంతా ఒక చుట్టు రుద్దండి. ముల్లున్న చోట దూది పోగు పట్టుకుని ఆగిపోతుంది. వరంగల్ జిల్లాలో దూదికి కరువా! చలికాలంలో ఏ చేను గట్టున ఆగినా కంచెకు తగులుకున్న పత్తి దొరుకుతుంది. నా సంచిలో అతుకుల డబ్బా పక్కన ఒక పింజ ఎప్పుడూ ఉంటుంది. మా ఇంట్లో వాళ్లకు అది ఎందుకో ఇంకా అర్థం కాలేదు.

గాలి సంగతి. పంక్చర్ షాపులో కుర్రవాడు టైరును రాయిలా కొట్టి ఇస్తాడు, మనమూ సంతోషిస్తాం. తారు రోడ్డుకు అది సరే. గుట్ట మీద రాయి లాంటి టైరు రాయి మీద నిలవదు, ఎగురుతుంది. మీరు డెబ్బై కిలోల మనిషి అనుకుంటే, 2.2 అంగుళాల టైరుకు ట్యూబుతో ముందు 28, వెనక 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పడితే రెండు పాయింట్లు పెంచండి. గేజీ ఉన్న చేతి పంపు ఒకటి కొనుక్కోండి. మీరు కొనబోయే వస్తువుల్లో పైసా వసూల్ అయ్యేది అదే. ట్యూబు లేకుండా, లోపల జిగురు ద్రవం పోసే ట్యూబ్‌లెస్ పద్ధతి మన ముళ్లకు నిజంగా మంచిది. చిన్న చిల్లులు వాటంతట అవే పూడుకుపోతాయి. కాకపోతే మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి విప్పి చూసుకోవాలి. అది చేసుకునే ఓపిక ఉంటేనే ఆ దారి పట్టండి.

ఇంకా ఏమేం కొనాలన్నారు. హెల్మెట్. అది నుదుటి మీద, కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి. వెనక్కి వాలిన టోపీలా పెట్టుకుంటే అలంకారమే. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది, మార్చేయాలి. మీరు పడినరోజు పెట్టుకున్నదాన్ని ఒకసారి తిప్పి చూడండి. వేళ్లు పూర్తిగా మూసే గ్లౌజులు. తుమ్మకొమ్మల కోసం కళ్లద్దాలు. కింద గట్టి అట్ట ఉన్న మామూలు బూట్లు, వాటిని పట్టుకునే పళ్లున్న వెడల్పాటి పెడళ్లు. బూటును పెడల్‌కు బిగించే రకం ఇప్పుడు వద్దు, మీరు నేర్చుకోవలసింది తొందరగా దిగడం కదా. రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లం. రంగురంగుల జెర్సీ మీ ఇష్టం, దాని గురించి నాకు అభిప్రాయాలు లేవు.

ఎక్కడ తొక్కాలి? వారంలో మామూలు రోజులకు హసన్‌పర్తి వైపు ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కట్టను మించింది లేదు. మొరం దారి, ట్రాఫిక్ ఉండదు, నిదానంగా గంటసేపు ఊపిరి అలవాటు చేసుకోవచ్చు. కాలువ నిండుగా పారుతున్నప్పుడు మాత్రం అంచుకు దూరంగా ఉండండి. ఆ వాలు గోడ తడిసి పాచి పడితే ఈత వచ్చినవాళ్లకు కూడా పైకి రావడం కష్టం. ఆదివారాలకు ధర్మసాగర్, మడికొండ చుట్టుపక్కల గుట్టలు చాలు. పద్మాక్షి గుట్ట మీద, ఖిలా వరంగల్ మట్టికోట మీద తొక్కకండి. తొక్కితే బాగుంటుంది, నాకు తెలుసు. అయినా వద్దు. ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్టడాల మీద మన టైరు గుర్తులు అక్కర్లేదు. రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు వెళ్లినా సైకిల్‌ను కింద పెట్టి, రాతి చిత్రాల దగ్గరికి నడిచి వెళ్లండి.

పాకాల, ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యాలు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి పోవడం చట్టరీత్యా నేరం, దాన్ని సాహసం అని పిలుచుకోవద్దు. కానీ నాకు భయం అడవి లోపలి జంతువుల గురించి కాదు, అడవి అంచు గురించి. అడవి పందుల కోసం కొందరు చేల చుట్టూ, కాలిబాటలకు అడ్డంగా కరెంటు తీగలు కడతారు. చీకట్లో పెట్టి తెల్లవారాక తీసేస్తారు. మన జిల్లాల్లో ఆ తీగలకు మనుషులు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. మేం వేసవిలో నాలుగింటికే బయలుదేరతాం అని మీ ఉత్తరంలో గొప్పగా రాశారు. తారు రోడ్డు మీదికి అయితే బయలుదేరండి. చేల మధ్య నుంచి, అడవి పక్క నుంచి పోయే బాటలోకి మాత్రం పూర్తిగా తెల్లవారాకే దిగాలి. ఈ ఒక్క విషయంలో మినహాయింపులు లేవు.

తెల్లవారాక ఎండ ఎక్కువంటారా? అవును. అందుకే మన దగ్గర ఈ ఆటకు కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి. మే నెలలో ఇంట్లో కూర్చుని బేరింగులకు గ్రీజు పెట్టుకోండి. వానల్లో మొరం గుట్టలు పరవాలేదు కానీ నల్లరేగడి దారి ఎక్కకండి. వంద గజాలు పోయేసరికి మట్టి ముద్దలు ముద్దలుగా టైరుకు చుట్టుకుని, ఫోర్కు మధ్య ఇరుక్కుని, చక్రం తిరగడం మానేస్తుంది. అప్పుడు సైకిల్ మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోయాలి. మట్టితో కలిపి పాతిక కిలోలు. వరి గట్ల మీద ఎప్పుడూ వద్దు. రైతు ఏమీ అనకపోయినా వద్దు.

పందెం. నవ్వుతారా అని అడిగారు. నవ్వరు, ఎందుకంటే అక్కడ ఎవరి గొడవ వాళ్లది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఆడుతున్న క్రాస్ కంట్రీ పందెం సంగతి చెబుతాను. నాలుగైదు కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు, ఎక్కుడు, దిగుడు, రాళ్లు, మలుపులు అన్నీ అందులోనే. దాన్ని ఇన్నిసార్లు తిరగాలని పెడతారు. పెద్ద పోటీల్లో ఒక కఠినమైన నియమం ఉంది. మొదటి చుట్టుకు ముందున్నవాడు తీసుకున్న సమయంలో 80 శాతానికి మించి మీరు వెనకబడితే మిమ్మల్ని పక్కకు తప్పిస్తారు. అతడు పదిహేను నిమిషాల్లో తిరిగాడనుకోండి, మీ ఇద్దరి మధ్య పన్నెండు నిమిషాల తేడా వస్తే మీ పందెం అయిపోయినట్టే. మొదటిసారి చాలామందికి జరిగేది అదే. అందులో సిగ్గు లేదు. కష్టమైన దిగుడు దగ్గర చాలా చోట్ల పక్కనుంచి సులువైన దారి కూడా ఇస్తారు, కాస్త చుట్టు తిరుగుడు, కొన్ని సెకన్లు పోతాయి, పోనివ్వండి. మీకు అన్నింటికంటే నచ్చే సంగతి వినండి: సైకిల్ దిగి తోసుకుంటూ పోవడానికి, భుజాన వేసుకుని పరుగెత్తడానికి నియమాల్లో ఏ అడ్డూ లేదు. బురదలో ప్రపంచ స్థాయి వాళ్లే అలా పరుగెత్తుతారు.

2005లో మొదలైన ఎంటీబీ (మౌంటెన్ బైక్) హిమాలయ లాంటి, రోజుల తరబడి సాగే పందేల వీడియోలు చూసి మీరు అటు ఆశపడుతున్నారని మూడో పేజీలో అర్థమైంది. అది ఇప్పుడు కాదు. 2023లో ఆసియా పోటీలు కేరళలోని పొన్ముడిలో జరిగాయి. అలాంటిది మళ్లీ దగ్గరలో ఎక్కడైనా జరిగితే, పాల్గొనడానికి కాదు, ఒక దిగుడు పక్కన రోజంతా నిలబడి చూడడానికి వెళ్లండి. ఎవరు ఎక్కడ బ్రేకు వదులుతున్నారో గమనిస్తే ఏడాది సాధన కలిసొస్తుంది. అంతవరకు సొంత చుట్టు ఒకటి పెట్టుకోండి. మీ గుట్ట చుట్టూ నాలుగు కిలోమీటర్లు, మీరు పడిన దిగుడు అందులో ఉండాలి. మొదటి రోజు సైకిల్ లేకుండా నడిచి చూడండి, బండ ఎక్కడ, మొరం ఎక్కడ, దిగి నడవవలసింది ఎక్కడ. తరువాత పదిహేను రోజులకోసారి గడియారం పెట్టి మూడు చుట్లు తిరగండి. మూడో చుట్టు మొదటిదానికంటే మరీ ఆలస్యం కాకుండా వచ్చిన రోజు ఏ పందేనికైనా పేరు ఇవ్వొచ్చు. మీ వయసువాళ్లకు మాస్టర్స్ అని విడిగా విభాగం ఉండే పోటీలూ ఉంటాయి, దరఖాస్తు నింపేటప్పుడు అడగండి. దానికి ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకుని బీపీ, గుండె పరీక్ష చేయించుకోండి. మీ ఆవిడ అడగకముందే చేయించుకుంటే మంచిది.

గేర్లు జారుతున్నాయన్నారు కదా, మరిచిపోయేవాడిని. పడినప్పుడు కుడివైపుకు పడి ఉంటే, వెనక గేరు యంత్రం వేలాడే చిన్న ముక్క లోపలికి వంగి ఉంటుంది. సైకిల్ వెనక నిలబడి చూడండి: గేరు కింది చక్రం, చైను, వెనక పళ్లచక్రం ఒకే నిలువు గీతలో ఉన్నాయా? లేకపోతే తెలిసిన మెకానిక్ పది నిమిషాల్లో సరిచేస్తాడు, పోయేది వంద, రెండు వందలు. అది సరిచేయించుకోకుండా వెనక అన్నింటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి చైనును మారిస్తే ఆ యంత్రం వెనక చక్రం పుల్లల్లోకి పోతుంది. పోతే మళ్లీ పడతారు. ఈ ఆదివారం గుట్టకు పోకముందే చూపించండి.